సగం తెరిచిన కన్ను

రాధారాణి ఫోన్ ఒంటిగంట యాభై ఎనిమిదికి మోగింది. అవతల కరుణమ్మ. ఎప్పుడూ "వందనాలమ్మా" అని మొదలుపెట్టే మనిషి, ఈసారి ఆ మాటే మరిచిపోయింది.

"రాధమ్మా, ఆ కారొచ్చిందమ్మా."

"ఏ కారండీ?"

"ఆ అబ్బాయిని గుద్దేసిన కారు. మా ఇంటెదురుగానే ఉంది. నా కిటికీకేసి మొహం పెట్టి నించుంది."

ఆవిడ గొంతు గుసగుస దాటి పైకి రావడం లేదు. ఇంట్లో ఒక్కతే ఉండి కూడా ఎవరో వింటారన్నట్టు మాట్లాడుతోంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"కనబడట్లేదు. అద్దాల నిండా మంచు."

"తలుపులు గడియ పెట్టుకోండి. కిటికీ దగ్గర నిలబడకండి. ఇరవై నిమిషాల్లో వస్తాను."

రాధారాణి కోటు తొడుక్కుని బయల్దేరింది. కరుణమ్మ ఊరికే భయపడే మనిషి కాదు. బాపట్ల నుంచి అమెరికా వచ్చి, పద్దెనిమిదేళ్లుగా నేపర్‌విల్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ నర్సుగా చేస్తోంది. చావును దగ్గరగా చూసి చూసి అలవాటుపడ్డ మనిషి. ఉదయ్ చావును చూసిన ఒకే ఒక సాక్షి కూడా ఆవిడే.

రెండు వేల ఎనిమిది జనవరి పద్నాలుగు, సోమవారం. ఉదయం ఆరూ పన్నెండు. ఇరవై తొమ్మిదేళ్ల ఉదయ్ ఆరూ ముప్పైమూడు రైలు అందుకుందామని స్టేషన్ వైపు నడుస్తున్నాడు. వెలుగు రాలేదు. ఒక కారు అతన్ని గుద్ది, ఆగి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం లేదు. డ్యూటీ దిగి నడిచి ఇంటికి వెళుతున్న కరుణమ్మ రోడ్డు అవతల నుంచి చూసింది. పొడుగు ముక్కు, నేలకి ఆనుకున్నట్టుండే పాతకాలపు స్పోర్ట్స్ కారు. వెలిగిస్తే దాని దీపాలు కళ్లలా పైకి లేచి తెరుచుకుంటాయి, ఆర్పితే మూసుకుంటాయి. గుద్ది ఆగాక దీపాలు ఆర్పినా ఒక కన్ను పూర్తిగా తెరిచే ఉంది, రెండోది మూసుకుంది. ఇంతే చెప్పగలిగింది.

పోలీసులు వెతికారు. అలాంటి కారు దొరకలేదు. నెల తిరిగేసరికి ఫైలు అడుగున పడింది. ఉదయ్ భార్య వర్ష మూడు వారాల కిందట రాధారాణి దగ్గరికి వచ్చింది. పదకొండేళ్లు కార్ల డ్యామేజీ లెక్కగట్టే ఉద్యోగం చేసి, తర్వాత లైసెన్సు తీసుకుని డిటెక్టివ్‌గా మారిన తెలుగామె ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు మరి.

ఈ మూడు వారాల్లో రాధారాణి రెండుసార్లు పోలీసులకి ఫోన్ చేసింది. రెండుసార్లూ తప్పు కార్లే. రెండోసారి ఫోన్‌లో అవతలి ఆఫీసరు నిట్టూర్చిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఈసారి స్వయంగా చూసి, తాకి, నిర్ధారించుకున్నాకే చెయ్యాలనుకుంది. ఆ నిర్ణయానికి సాయంత్రం కాకముందే తనని తాను తిట్టుకోవలసి వస్తుందని ఆమెకి అప్పుడు తెలీదు.

రెండూ ఇరవైకి ఆ వీధిలోకి తిరిగింది.

కరుణమ్మ ఇల్లు వీధి మలుపులో ఉంది. ఎదుటి వైపు ఆపిన ఆ కారు ముక్కు సూటిగా ఆ ఇంటి ముందు గది కిటికీ మీద గురిపెట్టి ఉంది. పాంటియాక్ ఫైర్‌బర్డ్. ఇరవయ్యేళ్ల పైమాటే. ఒకప్పుడు వెండిరంగు, ఇప్పుడు బూడిదరంగు. దీపాలు ఆర్పి ఆపిన కారుకి కన్నులు రెండూ మూసి ఉండాలి. దీనికి ఒకటి మూసి ఉంది, రెండోది సగం తెరుచుకుని మంచులోంచి చూస్తోంది.

రాధారాణి తన కారుని కరుణమ్మ వాకిట్లో పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

తలుపు గొలుసు మీద రెండంగుళాలు తెరుచుకుంది. సందులో కరుణమ్మ కన్ను. తర్వాత గొలుసు ఊడింది.

"చూశావా?"

"చూశాను. కూర్చోండి. టైములు కావాలి నాకు. డ్యూటీ దిగి ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"ఎప్పుడూ వచ్చే టైమే. ఆరూ నలభై. అప్పుడు వీధిలో ఈ కారు లేదు. ప్రార్థన చేసుకుని, ఇంత జావ తాగి, ఎనిమిదింటికి పడుకున్నా. ఒంటిగంట నలభైకి లేచి కర్టెన్ జరిపానమ్మా... ఎదురుగా ఇదే."

"మధ్యలో తలుపు చప్పుడు, బెల్లు, ఏమైనా?"

"నిద్రమాత్ర వేసుకుంటాగా. ఇల్లు కూలినా లేవను."

రాధారాణి నోట్‌బుక్‌లో రాసుకుని, ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. కరుణమ్మ వాంగ్మూలం, ఇంగ్లీషులో.

"ఒక్కపని చెయ్యండి. కళ్లు మూసుకోండి. ఆ రోజు కారు మీకెదురుగా వచ్చి ఆగింది కదా. ఏ దీపం లేచి ఉందో ఆ వైపు చెయ్యెత్తండి."

కరుణమ్మ ఎడమచెయ్యి ఎత్తింది. "ఎడమ కన్ను. మొదట్నుంచీ అదే చెప్తన్నా."

"మీ ఎడమ. మీకెదురుగా ఉన్న కారుకి అది కుడి. ఇక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమవైపు, కుడివైపు కాదు."

"అంతేగా మరి."

"ఇందులో 'డ్రైవర్ వైపు దీపం' అని ఉందండీ. పోలీసులు రెండు నెలలుగా డ్రైవర్ వైపు దీపం చెడిన కార్లే వెతుకుతున్నారు."

కరుణమ్మ నోరు తెరుచుకుంది. "నేనలా చెప్పలేదమ్మా! ఆ రోజు నాకు ఇంగ్లీషు నోటికి రాలా. ఏడుస్తా తెలుగులో చెప్పా. ఆ బీమా కంపెనీ శ్యామ్‌సుందర్ బాబే ఇంగ్లీషులో రాసి, పోలీసులకి కూడా ఇచ్చారు. సంతకం పెట్టమంటే పెట్టా."

ఆ పేరు వినగానే రాధారాణి మూతి బిగుసుకుంది. శ్యామ్‌సుందర్. ఉదయ్ జీవిత బీమా తాలూకు విచారణాధికారి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లలు. ఆమెకి రావలసిన ప్రమోషన్ అతనికి వెళ్లింది. ఉదయ్ చూసుకోకుండా రోడ్డు మీదకి వచ్చాడని రిపోర్టు రాసి కేసు మూసింది అతనే. అంత తెలివైనవాడు కుడి ఎడమల దగ్గర పప్పులో కాలేశాడన్నమాట! ఆ భయంలో కూడా ఆమెకి కొంచెం సంతోషం వేసింది.

"డ్రైవరు దిగాడన్నారు కదా. మళ్లీ చెప్పండి."

"దిగాడు. ఒక చెయ్యి కారు పైన వేసి, తల వంచి, కిందపడ్డ అబ్బాయిని చూశాడు. వెనకనుంచి స్టేషను దీపం కొడతంది, మొహం తెలీలా. పొడుగు మనిషి. కదల్లేదమ్మా. నేను పది లెక్కపెట్టేంతసేపు అలాగే చూశాడు. తర్వాత ఎక్కి వెళ్లిపోయాడు."

"నాకు కాక ఇంకెవరికైనా ఫోన్ చేశారా ఇవాళ?"

"శ్యామ్‌సుందర్ బాబుకి చేశా. ఏది కనబడినా ముందు తనకే చెప్పమని కార్డిచ్చారుగా. బయల్దేరతన్నానన్నారు."

రాధారాణి విసుగ్గా లేచింది. అతను వచ్చేలోపు కారు చూసెయ్యాలి.

మంచు ఎప్పుడు పడిందో ఆమెకి నిమిషాలతో సహా తెలుసు. పొద్దుట పదీ యాభైకి మొదలై, ఒంటిగంటా పావుకి ఆగింది. వీధి దాటి, కారు పక్కన ఒంగి కింద చూసింది. తారు పొడిగా ఉంది. అంటే మంచు మొదలవకముందే వచ్చి ఆగింది. ఆరూ నలభైకీ పదీ యాభైకీ మధ్య.

మిగతా అద్దాల మీద రెండంగుళాల మంచు. డ్రైవర్ పక్క అద్దం మీద మాత్రం లేదు. లోపలివైపు ఆవిరి పట్టి, మధ్యలో అరచేత్తో తుడిచిన గుండ్రటి జాగా. ఆ గుండ్రంలోంచి ఏటవాలుగా చూస్తే కరుణమ్మ వాకిలి కనిపిస్తుంది.

తలుపు పక్కన అడుగుల గుర్తులు. వాటిలో కొత్త మంచు పడలేదు, అంచులు కత్తితో కోసినట్టున్నాయి. అంటే ఆ మనిషి దిగింది ఒంటిగంటా పావు తర్వాత. మంచు పడినంతసేపూ, అంటే దాదాపు రెండున్నర గంటలు, ఆ మనిషి ఈ కార్లో కదలకుండా కూర్చుని, నిద్రపోతున్న ఒంటరి ఆడమనిషి ఇంటిని చూస్తూ ఉన్నాడు.

హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అయస్కాంతం తీసింది. పాత ఉద్యోగంలోంచి మిగిలిన అలవాటు. ఎడమ మడ్‌గార్డు మీద పెడితే టక్కున అంటుకుంది. కుడి మడ్‌గార్డు మీద పెడితే జారి మంచులో పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. కింద రేకు లేదు, పుట్టీ ఉంది. దళసరిగా, చేతకాని చెయ్యి హడావుడిగా పూసిన పుట్టీ. గుద్దింది కుడివైపు. చెడింది కుడి దీపం.

ఇదే కారు.

ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టింది. అంతలో ఆమె కళ్లు అడుగుల వెంట వెళ్లాయి. కారు దగ్గర్నుంచి రోడ్డు దాకా వచ్చాయి. రోడ్డు మీద టైర్లు చెరిపేశాయి. అవతల గట్టున మళ్లీ మొదలయ్యాయి. కరుణమ్మ గ్యారేజీ పక్కనుంచి ఇంటి వెనక్కి వెళ్లాయి.

తిరిగి వచ్చిన అడుగులు లేవు.

తను ఇంతసేపూ ఆ ఇంట్లో కూర్చుని టైములు రాసుకుంటుంటే ఆ మనిషి గోడ అవతలే ఉన్నాడు.

పరుగెత్తలేదు. పరుగెడితే మంచు కరకరమంటుంది. అడుగుల పక్కగా మెల్లగా నడిచింది. గ్యారేజీ గోడ పక్కన ఒకచోట ఆగి ఒంగి చూసింది. గుర్తులు చిన్నవి. తన పాదం కన్నా చిన్నవి. కరుణమ్మ చూసింది పొడుగు మనిషిని. ఈ లెక్క కుదరడం లేదు.

అడుగులు వంటింటి మెట్ల దాకా వెళ్లాయి. అక్కడ మంచు తొక్కి తొక్కి బురదైంది, ఎవరో చాలాసేపు అటూ ఇటూ కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డట్టు. అక్కడి నుంచి పెరటి మూలనున్న సామాన్ల గది వైపు మళ్లాయి. గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి.

"ఎవరది?" తెలుగులోనే అడిగింది. భయంలో ఆ భాషే వచ్చింది.

ఏదో ఇనప సామాను కదిలింది.

"బయటికి రా. లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

"వద్దు! ప్లీజ్ ఆంటీ, పోలీసులొద్దు!"

ఆడగొంతు. తలుపు తోసుకుని ఒక అమ్మాయి బయటికి వచ్చింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. పల్చటి జాకెట్, తడిసిన బూట్లు. చలికో భయానికో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. రెండు చేతులూ పైకెత్తి పెట్టుకుంది.

"చేతులు దించమ్మా. ఎవరు నువ్వు?"

"దేదీప్య. మాస్టర్స్ చేస్తున్న. మాది నిజామాబాద్. ఆ కారు నాదే ఆంటీ, కానీ నేనేం చేయలే. ఒట్టు. నేను కొని నెల రోజులే అయితుంది."

"ఎక్కడ కొన్నావు?"

"పాత కార్ల యార్డ్‌ల. తుక్కు చేసేటోళ్ల దగ్గర. బస్ లేని ఏరియాల ఉంటున్న, ఏదో ఒక కారు కావాలె నాకు. ఇది నడుస్తుందని ఆయన తీసిపెట్టిండు. టెంపరరీ పేపర్ నంబర్ ప్లేట్ ఇచ్చిండు, అదీ ఎక్స్‌పైర్ అయింది."

"తుక్కు చెయ్యడానికి ఎవరిచ్చారో చెప్పాడా?"

"ఎవరో ఇండియన్ అంట. జనవరి లాస్ట్‌ల తెచ్చిండంట. తన ముందలే నుజ్జు చెయ్యుమన్నడంట. మిషన్ రిపేర్ల ఉంది, రేపు చేస్తమని పంపించిండ్రు. ఆయన పోయినంక యార్డ్ ఆయనకు మనసొప్పలే. ఇంజిన్ మంచిగుంది కదా అని దాచిండు."

"ఉదయ్ కేసు చూస్తున్న రాధారాణిని నేనే," అంది. "మరి ఇక్కడికెందుకొచ్చావు? ఈ ఇల్లు నీకెలా తెలుసు?"

"ఇండియన్ స్టోర్‌ల మీరు పెట్టిన కాగితం చూసిన. ఒక్క లైట్ తెరిచి ఉన్న పాత కారు, ఎవరికన్నా తెలిస్తే ఫోన్ చేయుమని. చదివి అక్కడనే కూర్చుండిపోయిన ఆంటీ. మీ నంబర్‌కి మూడుసార్లు చేసిన. రింగ్ అవ్వంగనే కట్ చేసిన. చూసినామె నర్సు, ఈ వీధిల కిటికీకి క్రిస్మస్ స్టార్ ఉన్న ఇల్లేనని కౌంటర్‌ల ఆంటీ చెప్పింది. ఆమెకి నా మొహం చూపిద్దామనుకున్న. గా మనిషి నువ్వు కాదమ్మా అని ఆమె ఒక్కమాట అంటే చాలనుకున్న. పొద్దుగాల నుంచి కార్లనే కూసున్న. తలుపు దాక వచ్చిన. కొట్టనీకి చెయ్యి రాలే. ఇంతల మీ కారొచ్చింది, పోలీసులనుకుని దాక్కున్న."

"పోలీసులంటే అంత భయమేంటి? కొన్నది నెల కిందటేగా?"

దేదీప్య తల దించుకుంది. "ఒక ఆంటీ వండిన క్యారేజీలు ఇండ్లకి ఇచ్చొస్త. ఈ కార్లనే. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద బయట పని చెయ్యొద్దు కదా. తెలిస్తే స్టేటస్ పోతది. ఇంకా రెండు సెమిస్టర్లుంది ఆంటీ. ఒక్క పది నిమిషాలియ్యుండ్రి. ఆ నర్సు ఆంటీతోని మాట్లాడినంక మీరే పిలవండి పోలీసుల్ని."

పిలవాలి, ఇప్పుడే పిలవాలి అని రాధారాణికి తెలుసు. కానీ ఆ పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. "పద. ముందు లోపల వెచ్చగా కూర్చో. పది నిమిషాలే," అంది. కారు తాళం తీసుకుంది.

కరుణమ్మ వంటింటి తలుపు తీసి, ఆ పిల్లను చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా దుప్పటి తెచ్చి కప్పింది. "ఈ అమ్మాయా? కాదు కాదు. ఆ మనిషి ఇంతెత్తు," అని గుమ్మం పైదాకా చెయ్యెత్తి చూపించింది. దేదీప్య వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏం జరిగినా బయటికి రాకు," అని చెప్పి రాధారాణి మళ్లీ వీధిలోకి వెళ్లింది. రెండూ యాభై.

ఫైర్‌బర్డ్ డ్రైవర్ తలుపు తెరిచింది. ఆ కార్లకి ఉన్నవి రెండే తలుపులు, ఒక్కోటీ పొడుగ్గా, గుమ్మం తలుపంత బరువు. ఏళ్లు గడిచేకొద్దీ బందులు అరిగి కిందికి జారతాయి. లోపల వెతికింది. క్యారేజీల వాసన, ఒక పాఠ్యపుస్తకం. పాత యజమాని ఆనవాలు ఏమీ లేదు. దిగి తలుపు వేసింది. పడలేదు. గట్టిగా విసిరింది. గడియకి తగిలి తిరిగి తెరుచుకుంది. మూడోసారీ అంతే. వదిలేసింది.

అప్పుడు వీధి చివర నల్లటి కారు ఒకటి తిరిగింది. యాభై గజాల దూరంలో ఆగిపోయింది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఎవరూ దిగలేదు. ఒక నిమిషం. ఇంకో అర నిమిషం. ఫోన్లో మాట్లాడుతున్నాడేమో అనుకుంది రాధారాణి. తర్వాత అది మెల్లగా వచ్చి ఆమె పక్కన ఆగింది.

శ్యామ్‌సుందర్ దిగాడు. పొడుగాటి నల్లకోటు, తోలు గ్లౌజులు. మొహం పాలిపోయి ఉంది.

"రాధా. నా సాక్షి ఇంటి ముందు నీకేం పని?"

"నీ సాక్షి ఏంటి శ్యామ్? నువ్వు కేసు మూసేశావుగా."

"మూసిన కేసుని తవ్వడం నీకు అలవాటేగా. ఇది ఎన్నో కారు? మూడోదా?"

"ఇదే చివరిది. కుడి మడ్‌గార్డు నిండా పుట్టీ. కుడి దీపం మూసుకోవట్లేదు."

"పోలీస్ రిపోర్టులో ఉన్నది డ్రైవర్ వైపు దీపం. ఎడమ."

"ఆ రిపోర్టు రాసింది నువ్వు. ఆవిడ చెప్పింది ఆవిడ ఎడమ. నువ్వు కారు ఎడమ అని రాశావు. దాన్ని నేను పట్టుకున్నానని కోపంగా ఉందా?"

అతను నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "పొరపాటు జరిగుండొచ్చు. సరే, ఇప్పుడు సరిచేద్దాం. ఈ కారుని మా యార్డ్‌కి టో చేయిస్తాను. కరుణమ్మగారిని నాతో పంపు. ఆఫీసులో కొత్త స్టేట్‌మెంట్ రికార్డ్ చేస్తాను."

"కారు పోలీసులు తీసుకెళతారు. ఆవిడ ఎక్కడికీ రాదు."

"పోలీసుల్ని పిలిచావా?"

"ఇంకా లేదు."

ఆ మాట నోరు జారాక గానీ ఎందుకన్నానా అనిపించలేదు. అతను ఒక అడుగు ముందుకేసి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. సీటు చూశాడు. స్టీరింగు చూశాడు. "నేనైతే ఈ డొక్కు కారుని ఇదే మొదటిసారి చూడటం. అసలిది కదిలి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఆశ్చర్యం," అన్నాడు.

అంటూ వెనక్కి జరిగాడు. మాట్లాడుతూనే, చూడకుండానే, తలుపు పిడి కింద అరచెయ్యి పెట్టి, మోకాలితో తలుపు అడుగుని పైకి ఎత్తి, మెల్లగా తోశాడు.

తలుపు టక్కున పడింది.

మూడుసార్లు విసిరినా తనకి పడని తలుపు. ఆ తలుపు ఎంత జారిందో, ఎక్కడ మోకాలు ఆనించాలో, ఎంత ఎత్తాలో చూడగానే ఎవరికీ తెలీదు. మళ్లీ మళ్లీ వేసి అలవాటైన చేతికే తెలుస్తుంది. ఆఫీసుకి ఎప్పుడూ తేకుండా దాచుకున్న కారన్నమాట.

ఒక్కొక్కటీ వచ్చి ఎవరో వెనకనుంచి నెట్టినట్టు మీద పడ్డాయి. కుడి ఎడమలు పొరపాటు కాదు. తెలుగులో ఏడుస్తూ చెప్పిన మాటని కావాలనే తిప్పి రాశాడు. ఏది గుర్తొచ్చినా ముందు తనకే చెప్పమని కార్డిచ్చింది అందుకే. ఉదయ్ తప్పే అని కేసు మూసింది అందుకే. నుజ్జయిపోయిందనుకున్న కారు వీధిలో నిలబడి ఉంటే చూసి, వీధి చివర నిమిషంన్నర కదలకుండా ఆగిపోయిందీ అందుకే.

మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు. నోట్‌బుక్ తెరిచి ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది. పెన్ను కాగితం మీద గీతలు గీస్తోంది. వీధిలో ఎవరూ లేరు. పదడుగుల అవతల అతను, ముప్పై అడుగుల అవతల ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు. నవ్వుతూ మాట్లాడి, లోపలికి వెళ్లి, తలుపు గడియ పెట్టి, ఫోన్ చెయ్యాలి. అంతే. మూడే పనులు.

"సరేలే శ్యామ్," అంది. "చలిగా ఉంది. లోపలికెళ్లి ఆవిణ్ణి అడుగుతాను. రెడీ అవ్వమంటాను. నువ్వు కార్లో కూర్చో."

"ఎందుకలా చూస్తున్నావు?"

"ఎలా?"

"నా చెయ్యి వైపు."

ఆమె నోట్‌బుక్ మూస్తుండగా ఇంటి తలుపు తెరుచుకుంది. కరుణమ్మ శాలువా కప్పుకుని మెట్ల మీదకి వచ్చింది. శ్యామ్‌సుందర్ అటు తిరిగాడు. తిరిగేటప్పుడు అతని ఎడమచెయ్యి అలవాటుగా కారు పైన వాలింది. తల కొంచెం వంచి ఆవిడ వైపు చూశాడు.

కరుణమ్మ నిలబడిపోయింది. ఇంతకుముందు ఆవిడ అతన్ని మూడుసార్లు చూసింది. మూడుసార్లూ తన వంటింటి బల్ల దగ్గర, కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ. ఆ కారు పక్కన నిలబడగా ఎప్పుడూ చూడలేదు.

రాధారాణి కళ్లతోనే వద్దు వద్దని బతిమాలింది. కరుణమ్మ ఆమె వైపు చూడటం లేదు.

"అయ్యో బాబూ," అంది కరుణమ్మ. అరవలేదు. రోగి మంచం పక్కన నిలబడి అన్నట్టు జాలిగా అంది. "ఆ రోజు దిగి చూసింది మీరేనా?"

శ్యామ్‌సుందర్ చెయ్యి కారు మీదనుంచి తియ్యలేదు. కాదనలేదు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"ఈ కారు ఇక్కడుందని ఇంకెవరికి చెప్పారు కరుణమ్మగారూ?"

అబద్ధం చెప్పండి, చర్చిలో అందరికీ చెప్పానని చెప్పండి అని రాధారాణి లోలోపల కేకలు పెట్టింది. కానీ కరుణమ్మకి ఆ విద్య రాదు.

"మీకూ, రాధమ్మకీ. అంతే బాబూ."

అతను తలూపాడు. వీధికి ఆ చివరా ఈ చివరా చూశాడు. కుడిచేతి గ్లౌజు నెమ్మదిగా, ఒక్కో వేలూ విప్పి తీశాడు. ఆ చెయ్యి కోటు లోపలికి వెళ్లింది.

"ఇద్దరూ నా కారెక్కండి," అన్నాడు.

రాధారాణి కదల్లేదు. అప్పుడే ముందు గది కర్టెన్ అంచు వేలెడంత జరిగింది. ఆ సందులో దేదీప్య మొహం. దుప్పటి ఇంకా భుజాల మీదే ఉంది. చెవి దగ్గర ఫోన్. పెదాలు గబగబా కదులుతున్నాయి. పోలీసులంటే పావుగంట కిందట పళ్లు కొట్టుకున్న పిల్ల, ఇంటి నంబరూ వీధి పేరూ వాళ్లకే చెబుతోంది.

ఆ ఒక్క క్షణం రాధారాణి ఆ కిటికీ వైపు చూడకుండా ఉండవలసింది.

ఆమె చూపు ఎటు పోయిందో శ్యామ్‌సుందర్ గమనించాడు. మెల్లగా తల తిప్పి అటే చూశాడు.